జపాను బొమ్మలకు మట్టెలు

ఒమాన్‌లో బహ్లా అనే ఊరు. అర్బాబు, అంటే యజమాని, ఇంటి మజ్లిస్‌లో, అంటే వచ్చినవాళ్లు కూర్చునే ముందుగదిలో, మధ్యాహ్నం. మంచం పట్టిన అర్బాబు తల్లిని అందరూ ‘మామా’ అంటారు. ఆమెను చూసుకునే నర్సు సెలిన్‌ది కోస్తా. గోడలకు రంగులేసే ముసలి ఇస్తారిది చేర్యాల దిక్కు. ఇందులో అబద్ధం ఏమన్నా ఉంటే అది ఇస్తారిదే, నాది కాదు.

“అంటించిన, గంతే. చినిగిన కాడ జిగురు వెట్టి అంటించిన.”

“నేనడిగేది అంటించడం గురించి కాదు బాబాయ్. కాళ్ల గురించి.”

“ఏం కాళ్లు?”

“అర్బాబుగారి ఈ కాగితపు బొమ్మల చుట్టలో ముగ్గురు ఆడవాళ్లున్నారు కదా, వాళ్ల కాళ్లు. నిన్న అర్బాబు పిలిస్తే ఇక్కడ పనిచేసే జపాను ఇంజనీరొకాయన వచ్చి, భూతద్దం పెట్టి చూశాడు. ఇవి చేత్తో గీసినవి కావట. చెక్క మీద చెక్కి, రంగు పూసి, కాగితం మీద అచ్చు కొట్టారట. నూరేళ్ల పైమాటేనట.”

“అచ్చు కొట్టిండ్రా? ఎవడోగాని మొనగాడే!”

“మాట మార్చకండి. లైటు పక్కనుంచి పట్టి చూపించాడు. బొమ్మంతా కాగితంలోకి అణిగి ఉంది, చెక్క చారలు కూడా కనబడుతున్నాయి. కాళ్లు మాత్రం పైకి తేలాయి. కుంచెతో వేసినవి. నిన్నో మొన్నో వేసినట్టు మెరుస్తున్నాయి.”

“మెరువక? చింతగింజల జిగురు కలిపిన రంగది!”

“చూశారా! మీరే!”

“నేనే, బిడ్డా. ఏం తప్పు? మాది బొమ్మలు గీసే ఇల్లు. కథలు చెప్పేటోళ్లకు మా తాత గజాలకొద్ది పటాలు గీసిచ్చేటోడు. ఓపారి పులికి తోక గీసుడు మరిచిండు. ఆ పులొచ్చి మా దర్వాజ కాడ కూసున్నది. తోక గీసినంకగాని లేవలే.”

“బాబాయ్, మీ పులి సంగతి తర్వాత. కాళ్లు చెరిగిపోయాయనుకున్నారా?”

“మరి? నడుము దాక అంత ముద్దుగ దింపినోడు, కింద పొగలెక్క ఇడిసిపెడ్తడా? పాత పటం చెడితే దిద్దుడే మా పని. కాళ్లు వెట్టిన, కడియాలు వెట్టిన, మట్టెలు గూడ వెట్టిన.”

“వాళ్లు చచ్చిపోయినవాళ్లు బాబాయ్.”

“ఏందీ?”

“దయ్యాలు. జపాను దయ్యాలకు కాళ్లుండవట. ఒకామె బావిలో పడింది, ఒకామె ఏట్లో పోయింది, ఒకామె కాన్పులో పోయింది. అందుకే కింద పొగ.”

“మా దిక్కు దయ్యాలకు పాదాలు ఎనుకకు తిరిగుంటయి. ఉండుడైతే ఉంటయి! మొత్తానికే లేకుంటె ఎట్ల తిరుగుతయి, పాపం?”

“తిరగవు. ఉన్నచోటే తేలుతుంటాయి. ఇప్పుడు తిరుగుతున్నాయి.”

“...ఎక్కడ?”

“ఇక్కడే. మీరు గీసినప్పట్నుంచీ, మధ్యాహ్నం ఇల్లు సద్దుమణిగాక, గచ్చు మీద మట్టెల చప్పుడు. మామా గది దగ్గర మొదలై ఈ గుమ్మం దాకా వస్తుంది. ఆగుతుంది. మళ్లీ వెళ్తుంది.”

“నువ్వే అయుంటవు సిస్టరమ్మా.”

“అర్బాబూ అదే అంటున్నాడు! వాళ్లావిడ మస్కట్‌లో ఉంది. ఈ ఇంట్లో నడిచే ఆడమనిషిని నేనొక్కదాన్నే. ముసలావిడను బెదిరిస్తున్నానని రేపే నన్ను పంపేస్తాడట. మా చర్చి సంఘంలో మట్టెలే పెట్టుకోం, ఆ మాట ఎవరు వింటారు? రోగిని బెదిరించిన నర్సంటే ఇంకే ఆసుపత్రి రానిస్తుంది?”

“మామా ఏమంటున్నది?”

“నవ్వుతోంది. మూడేళ్లుగా కాలు కదపలేని మనిషి, పైకప్పు చూసి నవ్వుతోంది. నాకు చప్పుడుకన్నా ఆ నవ్వే భయంగా ఉంది.”

“...ఆమెనే గీయమన్నది.”

“ఎవరు? మామానా?”

“ఆమె గదిల గోడకు రంగేస్తున్న. మామా, గిది చినిగింది అని ఆడున్న చుట్ట ఇప్పి చూపెట్టిన. బొమ్మల కింద వేలు వెట్టింది. అటెనుక తన కాళ్ల మీద చెయ్యి వెట్టుకున్నది. కండ్ల నీళ్లు. లేకుంటె అర్బాబు సొత్తు మీద చెయ్యేస్తనా బిడ్డా?”

“ఎవరు గీయమన్నా సరే, తుడిచెయ్యండి. అర్బాబు వచ్చేలోగా. మీ రంగు తడిగుడ్డకు వచ్చేస్తుందని ఇంజనీరే చెప్పాడు. ఇదిగో గుడ్డ.”

“ఇచ్చిన కాళ్లు గుంజుకునుడు మా ఇంట లేదు.”

“నా బతుకు పోతోంది బాబాయ్!”

“సరే, సరే, ఏడువకు. ఖల్లీవల్లీ, పోనియ్యి. తే గుడ్డ. బాయిల పడ్డామె కాడికెళ్లి షురు జేస్త. నువ్వు దర్వాజ కాడ నిలవడు, ఎవలన్న వస్తే చెప్పు.”

“త్వరగా.”

“అగో, ఎడమకాలి మట్టె పోయింది. ఎంత అల్కగ, ఒక్క తుడుపుకే పోతున్నదో సూడు. ఇగ ఏలు... సిస్టరమ్మా, ఏందా చప్పుడు?”

“బాబాయ్, గుడ్డ తియ్యండి.”

“ఎందుకు, జపాను పిల్ల వచ్చిందా?”

“గుడ్డ తియ్యండి! మామా గుమ్మం పట్టుకుని నిలబడింది, తన కాళ్ల మీద. మీరు తుడుస్తుంటే ఎడమకాలు వంగిపోతోంది. కుడికాలికి... కుడికాలికి మాత్రం మట్టె ఉంది.”