విప్పి కుట్టిన మడతలు

తల్లి పోయి నెల తిరక్కుండానే ఆ అన్నాచెల్లెళ్ళు ఆమె దిండు కింద దొరికిన పసిపిల్ల గౌనును ముసలి దర్జీ బల్ల మీద పరిచారు.

"వందేళ్ళా? ఎవరు చెప్పారమ్మా?"

"మా అన్నయ్యే. అమ్మమ్మ చిన్నప్పటిదట. మ్యూజియానికి ఇస్తామంటే ఏనాటిదో రాయించుకు రమ్మన్నారు."

"ఏదో ఒకటి రాసిచ్చెయ్యండి మాస్టరుగారూ. బస్సు టైమవుతోంది."

"బస్సుకి ఇంకా గంటన్నర ఉందన్నయ్యా. కూర్చో. ఎందుకలా కాలు కాలిన పిల్లిలా తిరుగుతావు?"

"ఉక్కగా ఉంది."

"అంచు కుట్టులో ఒక పోగు లాగి కాలుస్తానమ్మా. నూలైతే బూడిదవుతుంది... అదిగో, కరిగి పూసలా ముద్దకట్టింది. పాలిస్టర్ దారం. మీ అమ్మమ్మ చిన్నతనంలో ఇదెక్కడిది? యాభై ఏళ్ళు, అటూ ఇటూగా."

"దారం తర్వాత మార్చారేమో."

"మారిస్తే పాత సూది బెజ్జాలు కనిపిస్తాయి బాబూ. లేవు."

"నాకు నలభై ఎనిమిది. అంటే... ఆగండి, నేను ఏడాది పిల్లగా ఉన్నప్పటి ఫోటో పర్సులోనే ఉంది. అమ్మ దీన్నే రోజూ కొంగుతో తుడుచుకునేది. ఇదిగో, మెడ చుట్టూ ఇదే లేసు! నాదే అన్నయ్యా. అందుకే చివరి రోజుల్లో ఈ గౌను దిండు కింద పెట్టుకుంది. ఆ మాట నాతో ఎందుకు చెప్పలేదు?"

"నీదే. సరేనా? మ్యూజియానికి వద్దులే, ఇంట్లోనే ఉంచుకో. పద."

"ఉండు బాబూ, పని సగంలో ఉంది. అడుగున ఈ మడతలు చూడమ్మా. పిల్ల పెరిగేకొద్దీ ఏడాదికొకటి విప్పుకోవాలని మూడు వేశారు. రెండు విప్పారు. గీతల దగ్గర రంగు తేడా తెలుస్తోందా?"

"అంటే రెండేళ్ళకి పైగా తొడుక్కున్నాను."

"అక్కడే తిరకాసు. విప్పిన రెండూ మళ్ళీ మడిచి చేత్తో కుట్టేశారు. నా దగ్గరికి పిల్లల గౌన్లు పొడుగు చెయ్యమనే తెస్తారు. ఎదిగిన పిల్లకి పొట్టి చెయ్యమని ఎవరూ తేరు. రెండోసారి దీన్ని తొడుక్కున్నది ఇంకో పసిబిడ్డ."

"ఇంకో బిడ్డేంటి? మేమిద్దరమే. చెప్పన్నయ్యా, మనమిద్దరమే కదా?"

"మాస్టరుగారూ, కాసిని మంచినీళ్ళుంటే..."

"మంచినీళ్ళు తర్వాత. నాకంటే ముందు ఎవరున్నారు?"

"నీకో అక్క. మూడేళ్ళు నిండలేదు. రెండు రోజుల జ్వరం, అంతే. మరుసటేడు నువ్వు పుట్టావు. గౌను నీకు సరిపోవాలని అమ్మ కూర్చుని కుట్టింది. కుడుతూ కుడుతూ నాతో ఒట్టేయించుకుంది, నీకు చెప్పకూడదని. నాకప్పుడు ఏడేళ్ళు."

"పోనీలే. నేనూ తొడుక్కున్నాగా. ఫోటోలో ఉన్నానుగా."

"ఫోటో లోపల పెట్టు చిట్టీ."

"ఎందుకు?"

"నీకు నాలుగో ఏడు వచ్చేదాకా అమ్మ నిన్నెవర్నీ ఫోటో తియ్యనివ్వలేదు."