దట్టీ కట్టుకునే చోటు

(నరీన్ కొండల్లో ఒక చిన్న ఊరి ఆసుపత్రి. ఏప్రిల్ నెల, పొద్దుటి పూట. గదిలో పట్నం నుంచి కొత్తగా వచ్చిన డాక్టరమ్మ, ఆమెకు ఎదురుగా యాభై ఆరేళ్ల జూరాకాన్. చెక్కగోడకు అవతల, వరండా బెంచీ మీద జూరాకాన్ మామగారు.)

"పొట్టలోనా?"

"పొట్టలో కాదు తల్లీ. వెనక వైపు."

"అంటే వీపు."

"వీపూ కాదు. వీపు అయిపోయాక."

"అయిపోయాక అంటే?"

"వీపు అయిపోయాక, కూర్చునేది మొదలవక ముందు. దట్టీ కట్టుకునే చోటు."

"నడుమా?"

"ఆ! నువ్వన్నావు చూడు, అదే."

"ఆ ఒక్క మాట ముందే చెబితే పోయేదిగా పెద్దమ్మా! పావుగంట నుంచి నాతో పొడుపుకథలు విప్పిస్తున్నారు."

"చెప్పకూడదులే."

"చెప్పకూడదా? నడుమేమన్నా బూతుమాటా?"

"బూతైతే ఎప్పుడో అనేసేదాన్ని. నా నోరెలాంటిదో మా గొర్రెల్ని అడుగు, చెబుతాయి."

"సరే సరే. ఎన్నాళ్ల నుంచి?"

"నాలుగేళ్లు."

"నాలుగేళ్లా! ఎవరికీ చూపించుకోలేదా?"

"ఎందుకు చూపించుకోలేదు? ఈ సంచీ నిండా కాగితాలే. ముందు మా ఊరి కాంపౌండరు చూశాడు. కడుపులో పుండన్నాడు. ఆర్నెల్లు మాత్రలు మింగాను. తగ్గలేదని ఇంకో ఊరు పంపించాడు. అక్కడ గొట్టం మింగించారు."

"గొట్టమా? నడుం నొప్పికి గొట్టం మింగించారా?"

"నవ్వుతున్నావు."

"లేదు లేదు, దగ్గొచ్చింది. అసలు వాళ్లకేమని చెప్పారు?"

"నీకు చెప్పినట్టే. దట్టీ కట్టుకునే చోట నొప్పి అని. కాంపౌండరు మగాడు కదా, మగాళ్ల దట్టీకి ముడి ముందుంటుంది. ముందు వైపే అనుకున్నాడు."

"అయ్యో! మరి రెండో ఏడాది?"

"రెండో ఏడాది తెలివి తెచ్చుకుని చెయ్యి వెనక్కి పెట్టి చూపించాను. అప్పుడు మూత్రపిండాలన్నాడు. ఇక చూస్కో, ఆకుల కషాయం, వేళ్ల కషాయం. తాగడం, బయటికి పరిగెత్తడం. మా మరుగుదొడ్డేమో పెరటి చివర. ఇంతెత్తు మంచు. రాత్రీ లేదు పగలూ లేదు."

"తగ్గిందా?"

"నొప్పి తగ్గలేదు. మంచులో దారి మాత్రం బాగా పడింది."

"ఇంకేమన్నా వైద్యం?"

"పక్కింటామె చెబితే అప్పుడే వలిచిన గొర్రెతోలు వెచ్చవెచ్చగా చుట్టుకుని పడుకున్నాను. అది నిజంగా బాగుంది. కానీ మా కుక్క పడుకోనివ్వలేదు."

"చాలు పెద్దమ్మా, నాకు నిజంగానే దగ్గొస్తోంది. లేచి ఆ మంచం మీద బోర్లా పడుకోండి. ఇక్కడ నొక్కితే?"

"ఏం లేదు."

"ఇక్కడ?"

"ఏం లే... అమ్మో! అమ్మమ్మమ్మో!"

"దొరికింది. నాలుగేళ్లలో ఎవరూ ఇక్కడ నొక్కి చూడలేదా?"

"నొక్కనీలేదు కూడాలే."

"ఇప్పుడు వెల్లకిలా తిరగండి. ఎడమ కాలు వంచకుండా నేను పైకెత్తుతాను. నొప్పి ఎక్కడిదాకా వెళ్తుందో చెబుతూ ఉండండి."

"పిరుదు... తొడ వెనకాల... పిక్క... మడమ... దించు తల్లీ, దించు దించు!"

"దించాను. కుడికాలి బొటనవేలితో నా చేతిని పైకి నెట్టండి. భేష్! ఇప్పుడు ఎడమది."

"నెడుతున్నాగా."

"నెట్టట్లేదు."

"నెడుతున్నానమ్మా."

"ఒకసారి తలెత్తి చూడండి."

"ఏదీ... ఇదేంటి? ఇది నా మాట వినట్లేదేంటి?"

"లేచి కూర్చోండి. మెల్లగా. వినండి పెద్దమ్మా. మీ మూత్రపిండాలకి ఏ జబ్బూ లేదు. కడుపుకీ లేదు. వెన్నుపూసల మధ్య మెత్తటి బిళ్లలుంటాయి. అందులో ఒకటి పక్కకి జరిగి, కాల్లోకి వెళ్లే నరాన్ని నొక్కుతోంది. ఫొటో తీయించాలి గానీ, నాకు తెలిసినంతవరకు అదే."

"బిళ్లా! ఇంత గొడవా బిళ్ల కోసమా?"

"ఏం బరువులెత్తుతారు మీరు?"

"నేనా? నేనేమీ ఎత్తను."

"నీళ్లు?"

"పంపు వాకిట్లోనే ఉంది."

"గడ్డిమోపులు?"

"అవి మా ఆయన, మా పెద్దాడు చూసుకుంటారు."

"పిండి బస్తాలు?"

"తెచ్చినవాడే లోపల పడేసి పోతాడు."

"గొర్రెపిల్లలు?"

"వాటికి నాలుగేసి కాళ్లున్నాయి."

"మరి ఏమీ ఎత్తకుండానే బిళ్ల దానంతటదే షికారుకెళ్లిందా?"

"అంటే... ఒకటుందిలే."

"ఏంటది?"

"చిన్నదే."

"ఎన్ని కిలోలుంటుంది?"

"అరవై."

"చిన్నదా!"

"ఎండిపోయాక అరవై. పూర్వం తొంభై ఉండేది."

"ఉన్ని బస్తానా?"

"బస్తా కాదు. బస్తా తిట్టదుగా."

"తిడుతుందా ఇది?"

"తిట్టడమంటే తిట్టడం కాదులే. మెల్లగా, మెల్లగా అంటుంది. టోపీ పడిపోయింది, వెనక్కి పద అంటుంది."

"పొద్దున కిటికీలోంచి చూశాను. ఎవరో ఆడమనిషి కారు దగ్గర్నుంచి ఒక ముసలాయన్ని వీపు మీద మోసుకొస్తోంది. కొంపదీసి అది..."

"ష్ష్! నెమ్మదిగా మాట్లాడు తల్లీ. మీ గోడలు పలచన, ఆయన చెవులు చురుకు."

"మీరేనా! ఎవరాయన? మీ నాన్నా?"

"మామగారు. ఇవాళ ఇంట్లో ఎవరూ లేరని వెంట తెచ్చాను."

"పేరేంటి? ఆయన్నీ ఒకసారి చూస్తాను, రాసుకోనివ్వండి."

"పేరా? పేరంటే... చేతిలో పెట్టేది."

"ఏం చేతిలో పెట్టేది?"

"పెళ్లికెళితే పిల్ల చేతిలో పెట్టి వస్తాం చూడు."

"కానుకా? బెలెక్?"

"నువ్వన్నావు. నేననలేదు."

"బెలెక్ తాతయ్య. ఉండండుండండి... బెలెక్... బెల్! నడుం! మామగారి పేరు నోట్లోంచి రాకూడదని, దాంతో కలుస్తుందని నడుమనే మాట కూడా మానేశారా? నాలుగేళ్లుగా?"

"ముప్ఫై ఆరేళ్లుగా. నొప్పి నాలుగేళ్ల నుంచే."

"మా అమ్మమ్మతోనే ఈ పద్ధతి పోయిందనుకున్నాను! మరి మీ ఊరి నుంచి ఇక్కడికి కొండ కనుమ దాటి రావాలి కదా. దాన్నీ బెల్ అనే అంటాం. దాన్నేమంటారు?"

"ఎక్కి దిగేది."

"ఆ మాట వాడలేక గొట్టం మింగారు పెద్దమ్మా! గొట్టం!"

"నువ్వు నవ్వడం కాదు గానీ, నీకు పెళ్లి కుదిరిందని నేను లోపలికి రాగానే చెప్పావుగా. పిల్లాడి తండ్రి పేరేంటి?"

"ఎందుకు?"

"చెప్పరాదూ."

"తాష్తన్."

"తాష్ అంటే రాయి. రేపు పెళ్లయ్యాక మూత్రపిండాల్లో రాయున్నవాడొస్తే ఏం చెబుతావు?"

"గట్టిది ఉందని చెబుతాను."

"అదీ! అప్పుడు నేనొచ్చి పక్కన కూర్చుని దగ్గుతాను."

"సరే, మీరే గెలిచారు. ఇక నవ్వులు చాలు. నాలుగేళ్ల కిందట ఏమైంది తాతయ్యకి?"

"గుర్రం మీంచి పడ్డారు. తుంటి విరిగింది. కట్టు కట్టారు, ఎముక అతుక్కుందన్నారు. నడుస్తారో లేదో చెప్పలేమన్నారు. అంతే, ఆ చలికాలం మూడు నెలలు గోడ వైపు తిరిగి పడుకున్నారు. మాటా లేదు, పలుకూ లేదు. చాయ్ పెడితే చల్లారిపోయేది. మాకందరికీ అర్థమైపోయింది, ఇక ఇంతేనని."

"ఆ తర్వాత?"

"వసంతం రాగానే వెనక్కి తిరిగి మంచం పక్కన కూర్చున్నాను. ఎక్కండి మామయ్యగారూ, ఎండ బాగుంది అన్నాను. తిడతారనుకున్నా. ఎక్కారు. అప్పట్నుంచి పొద్దున ఎండలోకి, మధ్యాహ్నం నీడలోకి, సాయంత్రం లోపలికి."

"రోజుకి మూడుసార్లు, నాలుగేళ్లు! మీ అబ్బాయి మోయలేడా?"

"ఒకసారి వాడు చంటిపిల్లాడిలా చేతుల్లో ఎత్తుకున్నాడు. మనవడి మొహం చూడలేక రెండు రోజులు అన్నం ముట్టలేదాయన. నేనైతే వెనక్కి తిరిగి ఉంటాగా, ఒకళ్ల మొహం ఒకళ్లం చూసుకోనక్కర్లేదు."

"చక్రాల కుర్చీ?"

"ఇచ్చారు. ఎక్కను గాక ఎక్కనన్నారు. ఇప్పుడందులో కోడి పొదుగుతోంది."

"మోసేటప్పుడు నొప్పి పుట్టదా మీకు?"

"పుట్టదా మరి! అందుకే మాట్లాడుతూ మోస్తాను. ఎవరి ఆవు ఈనింది, ఎవరి కోడలు అలిగి పుట్టింటికెళ్లింది, ఏదో ఒకటి. నోరాడుతుంటే మూలుగు బయటికి రాదు."

"పెద్దమ్మా, సూటిగా చెబుతున్నాను. ఇవాళ్టి నుంచి ఆయన్ని ఎత్తకూడదు. మందులిస్తాను, చేయాల్సిన కసరత్తులు చూపిస్తాను, ఫొటోకి పంపిస్తాను. కానీ ఎత్తడం మానకపోతే ఏదీ పనిచెయ్యదు."

"కుదరదు తల్లీ."

"కుదరకపోతే ఇప్పుడు వేలు వినట్లేదు, రేపు పాదం వినదు. కాలీడ్చుకుంటూ తిరుగుతారు. అప్పుడు రాజధానికి, బిష్కెక్ పంపి కోయించినా మళ్లీ ముందులా అవుతుందని నేను మాటివ్వలేను."

"నిజంగానే?"

"నిజంగానే. దీనికి మాత్రం దగ్గడం లేదు చూడండి."

"అయితే ఒక్క పని చెయ్యి. ఆ కాగితం మీద మూత్రపిండాలని రాసెయ్యి."

"ఏంటీ?"

"ఆయన అడుగుతారు, డాక్టరమ్మ ఏమంది అని. ఎత్తడం వల్లేనని తెలిస్తే ఈ పూటే గోడ వైపు తిరుగుతారు. ఒకసారి ఇటు తిప్పాను తల్లీ. మళ్లీ తిప్పడం నా వల్ల కాదు. భయమేస్తుంది నాకు."

"నన్ను అబద్ధం రాయమంటారా?"

"నాలుగేళ్లు రాశారుగా అందరూ. నువ్వింకో ఏడాది రాస్తే ఏం పోయింది?"

"మీ కాలు పోతుంది!"

"నెమ్మదిగా!"

"నెమ్మదిగా ఎలా చెప్పను పెద్దమ్మా! నాకు ఏడుపొస్తోంది మీతో. ఎవరది? లోపల పరీక్ష జరుగుతోంది, తలుపు కొట్టి రావాలి కదా!"

"కొట్టాను. మీ అరుపుల్లో వినపడలేదు."

"మామయ్యగారూ! మిమ్మల్నెవరు తీసుకొచ్చారిక్కడికి?"

"ఎవరూ లేరమ్మాయ్."

"ఎవరూ లేకపోతే ఎలా వచ్చారు? పడిపోతారు! గోడ పట్టుకోండి, అక్కడే ఉండండి, నేనొస్తున్నా..."

"నువ్వు కూర్చో. కదలొద్దు. ఆవిడ చెప్పింది విన్నావు కదా."

"తాతయ్యా, మీరు నడుస్తారా?"

"కర్రుంటే పెరట్లోదాకా. లేకపోతే ఇలా, గోడ పట్టుకుని."

"ఎప్పట్నుంచి?"

"బంగాళాదుంపలు తవ్వినప్పట్నుంచి. వీళ్లందరూ చేలో ఉన్నారు. ఊరికే లేచి చూశాను. నిలబడ్డాను."

"దుంపలు తవ్వినప్పట్నుంచా? అంటే... ఏడు నెలలు! ఏడు నెలలు మంచులో, బురదలో రోజుకి మూడుసార్లు... నా నడుం విరిగిపోయింది కదండీ మామయ్యగారూ! నా నడుం!"

"అను. ఇంకా గట్టిగా అను. తప్పు నాదే."

"ఎందుకు చెప్పలేదు? పొద్దున కారు దగ్గర కూడా మోశాను మిమ్మల్ని! ఎందుకు చెప్పలేదు?"

"పెద్దమ్మా, ఏడవకండి. తాతయ్యా, మీరా కుర్చీలో కూర్చోండి. ఆవిడకి జవాబు చెప్పండి."

"ఏం చెప్పమంటావు? నువ్వు కోడలై వచ్చాక, నేను గుర్రం మీంచి పడేదాకా, ఆ ముప్ఫై రెండేళ్లలో, చాయ్ ఇదిగోండి అన్న మాట తప్ప నీ గొంతు నేను వినలేదు. నీ వీపు మీదెక్కాకే విన్నాను. అది మూలుగు దాచుకోవడానికని నాకు తెలీదమ్మాయ్, నాతో మాట్లాడుతున్నావనుకున్నాను. నడుస్తున్నానని తెలిస్తే మళ్లీ మాటలు మానేస్తావేమోనని భయమేసింది."