కొస మడి చెంబు

“అవ్వా, ఈ ఇత్తడి చెంబు ఒట్టిదే గడప కాడ పెట్టినావేంది? నీళ్ళు పోసి పెట్టేదా?”

వద్దు వద్దు. ముట్టగాకు మే. ఆడనే ఉండనీ. నీళ్ళు గీళ్ళు పోసేవు, నీకు పుణ్యముంటాది... కోపం కాదు తల్లీ, భయం. ఊరికే ఉలిక్కిపడతాండా ఈ మధ్య. ఇట్ల రా, నా పక్కన కూర్చో. సెల్లులో నా మాట పట్టుకుంటాండావా? పట్టుకో పట్టుకో. ఎవరన్నా ఇంటే మంచిదే.

రేపు పొద్దున నంద్యాలలో నీటి సంఘం మీటింగు. మీ అమ్మ చెప్పల్యా నీకు? కాలవ కట్టేసే లోపల ఇంగ ఒక్క తడి ఇడుస్తారంట. ఆ తడి పై ఊరోళ్ళకా, కొసనుండే మనకా అనేది రేపు తేలుస్తారు. మన మడి పొట్ట మీదుండాది. పొట్ట మీదంటే... నువ్వు బడిలో పిల్లోల్లకు పాఠాలు చెప్పేదానివి, మడి సంగతి నీకేం తెలుస్తాదిలే. ఎన్ను లోపలుంటాది, బయటికి రాల్యా ఇంకా. నిండు చూలాలు ఎట్లనో అట్ల. ఆ పొద్దులో నీళ్ళు తప్పితే ఎన్ను వస్తాది గానీ గింజ పాలు పోసుకోదు. అంతా తాలే.

మీ మామ మొన్న ఏమన్న్యాడో తెల్సునా? “మ్మా, ఈ పంట గూడా పోతే మడి కౌలుకిచ్చేసి నంద్యాలలో యాడన్నా వాచ్‌మన్ పని చూసుకుంటా” అన్న్యాడు. సంగటి ముందర కూర్చొని అన్న్యాడు ఆ మాట. నేను కంచం పక్కన పెట్టేస్తి. తాతల కాడ్నుంచి మడి చేసినోడు, ఎవరో గేటు కాడ కుర్చీ ఏసుకొని కూర్చునేదా?

ఈ మీటింగు యాడ పెడ్తారనుకుంటాండావ్? నంద్యాలలో ఒక మేడ మీద రూములో. పోయిన తూరి నేనూ మీ మామా పోయినాం. ఆళ్ళగడ్డ దాకా ఆటో, ఆడ్నుంచి బస్సు. నాకు టికెట్టు లేదులే, ఆడోళ్ళకు ఇప్పుడు ఫ్రీ గదా. మా కాలంలో నంద్యాలకు బస్సు ఛార్జి రూపాయి అంటే, ఆ రూపాయికి ఎన్ని దినాలు ఎనకాముందూ చూసేటోళ్ళమో. మిడుతూరులో మా చెల్లెలు కాన్పయితే గూడా ఛార్జీ లేక ఆలిస్యంగా పోయినా నేను, ఇప్పటికీ దెప్పుతాది ముండ. సరే, అది కాదు. ఏం చెప్తాండా?

ఆ, మెట్లు. మోకాళ్ళు పట్టుకొని ఎక్కినా. పైన తలుపు కాడ ఒగాయప్ప కూర్చున్యాడు. పాసుబుక్కులో పేరుండే మెంబర్లకే లోపలికి అన్న్యాడు. మన పాసుబుక్కు ఇంకా మీ తాత పేరు మీదనే ఉండాది. మార్పించాల మార్పించాల అంటానే ఏండ్లు గడిచిపాయె. “మెంబరును పిల్చుకరమ్మంటే నేను యాడికి పోవాలప్పా, ఆయన పోయిన చోటికి బస్సు లేదు గదా” అంటి. నవ్వినాడు. తలుపు మాత్రం తీయల్యా.

ఆ మెట్ల మీదనే కూర్చున్యాము. లోపల ఫ్యాను తిరిగేది ఇనపడ్తాది, నవ్వేది ఇనపడ్తాది, మాట మాత్రం తెలీదు. మధ్యలో టీ పోసేటాయన వచ్చినాడు. ఆయనకు తలుపు తీసినారు. టీ పోసేటోనికి తీస్తారు, మడికి నీళ్ళు కావల్సినోనికి తీయరు. కడాకు అందరూ బయటికొచ్చినారు. ఏం తేల్చినారప్పా అంటే, “అయిపోయిందమ్మా, తెలుస్తాదిలే” అని చెప్పులేసుకొని పోయినారు. తెలిసింది తల్లీ. పై ఊర్లో నీళ్ళు ఎక్కువై దావ మీద పొర్లితే, చూసినోళ్ళు చెప్పినాక తెలిసింది.

ఏందీ? ఫోటోనా? మీ మామ అదీ చేసినాడు. ఎండిన పిల్లకాలవను సెల్లులో తీసుకొని ఆ తలుపు కాడ ఆయప్పకు చూపిచ్చినాడు. “గ్రూపులో పెట్టు” అన్న్యాడు. గ్రూపులోనూ మెంబర్లే ఉంటారంట. మీ మామ నోట్లో నాలుక లేనోడు, సరేనన్నా అని సెల్లు జేబులో పెట్టుకున్యాడు. మీ తాత పోలికే.

మేము కాపురానికొచ్చిన కొత్తలో మీటింగనే మాటే లేదు. కూటం అంటాంటిమి. కాలవ గట్టు మీద, తూము కాడ. తలుపుంటే గదా మూసేకి. దావన పోయే బండోడు గూడా ఎద్దులు నిలబెట్టి ఇనిపోయేటోడు. పై ఊరి పెద్దాయప్ప కూటం నడిపేటోడు. పెద్దాయప్ప అంటే మనకేమీ కాడు, అందరూ అట్ల పిల్చేది. ఆయన కొడుకే ఇప్పుడు ఆ నంద్యాల రూములో ప్రెసిడెంటు. ఆ పిల్లోడు మన గట్టు మీద ఉడకేసిన శెనక్కాయలు తిన్నోడే. ఇప్పుడు తల నెరిసిందిలే, పిల్లోడేంది.

నీళ్ళ వంతు తేల్చినాక పెద్దాయప్ప గొంతెత్తి, “కొసనుండేటోళ్ళకు ఇనపడిందా?” అని అడిగేటోడు. గట్టు ఎనకాల కొసన నిలబడేది ఆడోళ్ళం. మేము ఇనపడింది అంటేనే వంతు ఖాయం. ఒగ తూరి మరియమ్మ, నాకు జతగత్తె, నాట్లేసే ముఠా అంతా ఆమె ఎనకాలనే పోయేది, “ఇనపల్యా” అని అరిచింది. పై ఊరాయన ఒగడు, “నీకు సెంటు భూమి లేదు, నీకేం పని” అన్న్యాడు. “మీ మళ్ళకు నీళ్ళొస్తేనే గదప్పా నాకు నాటు, నాకు ముద్ద” అనింది. పెద్దాయప్ప నవ్వి మళ్ళీ మొదట్నుంచి చెప్పినాడు. అట్లుండె.

ఇంగ చెంబు సంగతి. అదే గదా నువ్వడిగింది, నేను యాడికో పోతాండా. కూటం దినం పొద్దున్నే కొస మడాయన తన మడి కాలవ కాడికి చెంబు ఎత్తుకపోవాల. ఎంత పారతాంటే అంత పట్టుకొని, మూతికి గుడ్డ కట్టి, కూటం నడుమ పెట్టాల. ఏమీ పారకుంటే ఒట్టి చెంబే. అందరి ముందర గుడ్డిప్పుతారు. ఒట్టిదైతే ఇంగ ఏ మాటా లేదు, ముందు కొసోళ్ళకే వంతు. తడుంటే ఎప్పటి వరసే, పై ఊరు ముందు, కొస కడాకు. నోటితో చెప్తే అబద్ధాలాడతారని ఈ పద్ధతి పెట్టినారు ఎప్పుడో. చెంబు చెప్పినాక మనిషి మాట ఇనేది లేదు.

కొస మడి మనదే గదా. చెంబు మనింట్లోదే. ఇదే.

ఆ ఏడు గూడా మడి ఇట్లనే పొట్ట మీదుండె. మీ తాత పొద్దున్నే పోయినాడు, కాలవలో బొట్టు లేదు. అడుగున మట్టి నెర్రెలిచ్చింది. ఒట్టి చెంబు పట్టుకొని ఇంటికొచ్చి, గడప కాడ పెట్టి, ఇంత సంగటి తినేకి కూర్చున్యాడు. పెండ్లాం బిడ్డలు బతుకుతారు ఈ పొద్దు అని మనసు కుదుటనే ఉండె ఆయనకు. నేను ఎనకాల పేడ ఎత్తుతాంటి. మా అత్త వచ్చింది.

మా అత్త మంచిది తల్లీ. నాకు పురుడు పోసి, నా పిల్లోల్లను కండ్లల్లో పెట్టుకొని చూసుకునింది. ఆమెకు ఒగటే, శకునం. కూటానికి ఎప్పుడూ పోల్యా ఆమె, ఒట్టి చెంబుకే వంతని తెల్దు. ఒట్టి బిందె ఎదురైతే ఎనక్కి తిరుక్కోనొస్తాది. అట్లాంటి మనిషికి గడప కాడ ఒట్టి చెంబు అగపడింది. కొడుకు కూటానికి పోతాండాడు, ఒట్టి చెంబుతో గడప దాటితే పని యాడ అయితాది అనుకునింది. కుండలో నీళ్ళు ఇంత, దోసెడే, చెంబులో పోసి, తనే గుడ్డ కట్టి పెట్టింది. ఎవరికీ చెప్పల్యా. చెప్పేంత పని అనుకోల్యా పాపం. మేలే చేసినాననుకునింది.

ఇత్తడి బరువులో దోసెడు నీళ్ళు ఏం తెలుస్తాయి? గుడ్డ నేను కట్టి పెట్టినాననుకొని మీ తాత ఎత్తుకొని పోయినాడు. నేనూ ఎనకాలనే పోతి. కూటం నడుమ గుడ్డిప్పినారు. పెద్దాయప్ప చెయ్యి పెట్టి చూసినాడు. చెయ్యి తడిసింది.

మీ తాత మొగం ఇప్పటికీ కండ్ల ముందరనే ఉండాది. “లేదప్పా, కాలవలో బొట్టు లేదు, ఈ నీళ్ళు యాడివో నాకు తెల్దు” అంటాడు. ఎవరు నమ్ముతారు? నీ చెంబు, నువ్వు కట్టిన గుడ్డ, నీకు తెల్దా అన్న్యారు. చెంబు చెప్పినాక ఇంగ మాట లేదన్న్యారు. వాళ్ళూ తప్పు చేయల్యా తల్లీ, పద్ధతి అది. పెద్దాయప్ప ఎప్పట్లెక్కనే అడిగినాడు, కొసనుండేటోళ్ళకు ఇనపడిందా అని. మరియమ్మే నా చెయ్యి పట్టుకొని ఇనపడింది అనింది. ఏం చేస్తాది, ఇనపడింది గదా.

ఇంటికొచ్చి మీ తాత అడిగినాడు, చెంబులో నీళ్ళెవరు పోసినారని. మా అత్త పొయ్యి కాడ్నుంచి నిమ్మళంగా, “నేనే నాయనా, పనైందా?” అనింది. ఆయన చొక్కా కొయ్యకు తగిలించి, మడి దిక్కు పోయినాడు. ఆ యమ్మ నన్ను చూసింది, నేను తల దించుకుంటి. అప్పుడర్థమైంది ఆమెకు.

ఆ ఏడు మడి అంతా తాలు. కోసి పశువులకేసినాం. మా అత్త దినామూ మడికి పోయి ఎన్నులు నలిపి చూసేది, ఏదన్నా గింజ ఉండాదేమో అని. చూడలేక నేను పోయి పిల్చుకొస్తాంటి. ఒగ దినం పెద్దాయప్ప ఆ దావన వస్తా వస్తా ఆగినాడు. ముసిలామె గట్టు మీద కూర్చొని ఎన్ను నలిపేది చూసినాడు. ఆయన గూడా పక్కన కూర్చొని ఒగ ఎన్ను నలిపినాడు. ఊదితే అంతా ఎగిరిపాయె, చేతిలో ఏమీ మిగల్యా. లేసేటప్పుడు ఆయన ఒగటే అన్న్యాడు: “ఇంగ కూటం ఈడనే, ఈ గట్టు మీదనే. ఎవరన్నా రానీ. కండ్లతో చూసినాక చెంబుతో పనేంది?”

ఆయన బతికుండే దాకా అట్లనే జరిగె. పై ఊరోళ్ళు చెప్పులు చేత పట్టుకొని మన మడి దాకా నడిసొచ్చేటోళ్ళు. పారేది చూసి, ఎండేది చూసి, ఆడనే వంతు తేల్చేటోళ్ళు. మేము ఆడోళ్ళం గూడా కూర్చునే ఇంటాంటిమి. మన మడి ఎప్పుడన్నా తక్కువ పండింది గానీ, పొట్ట మీద ఎండింది లేదు మళ్ళీ.

ఆయన పోయినాక సంఘమనిరి, ఓట్లనిరి. కూటం ఆళ్ళగడ్డకు పాయె, ఆడ్నుంచి నంద్యాల మేడెక్కె. ఈడికెవరూ రారు. కండ్లతో చూసేటోళ్ళు లేకుంటే మళ్ళీ చెంబే గదా తల్లీ, ఇంగేముండాది నా కాడ?

ఈ పొద్దు తెల్లవారుతానే మీ మామ మడి కాలవ కాడికి పోయొచ్చినాడు. అదే నెర్రెలు. అందుకే చెంబు గడప కాడ పెట్టినా. రేపు నువ్వు నాతో రావాల. నువ్వు తలుపు కాడాయప్పను చదువుకున్నోళ్ళ మాటల్లో అడుగు, పంట మాది, మేము ఇనకూడదా అని. లోపల కూర్చోకపోతే మానె, తలుపన్నా తీసి పెట్టండి, మెట్ల మీద నుంచే ఇంటామని అడుగు. నేను చెంబు తలుపు ముందర పెడ్తా. ఆ పెద్దాయప్ప కొడుకు ఎప్పుడో ఒగప్పుడు బయటికి రావల్ల గదా. చెంబు చూస్తాడు. చిన్నప్పుడు వాళ్ళ నాయన ఎన్ను నలిపిన కత ఇంట్లో ఇనే ఉంటాడు. నాయన కొడుకైతే ఆగుతాడు.

ఆగకపోతే... ఆగకపోతే ఏం చేసేదో నాకు తెల్దు. అది దాటి నాకు ఆలోచన పోవడంల్యా. రాత్రంతా నిద్ర లేదు, మెట్లెక్కినట్లే ఉంటాది, తలుపు మూసినట్లే ఉంటాది. మీ మామను చూస్తే మీ తాత ఆ పొద్దు చొక్కా తగిలించి పోయినట్లే అగపడతాడు.

సరేలే, పొద్దు గూకింది. నువ్వు లేసి లైటెయ్యి. పోతా పోతా ఆ చెంబు ఒగ తూరి ఇట్లియ్యి, చెయ్యి పెట్టి చూస్తా.

తడిగుండాది. అయ్యో, తడిగుండాది మే. మీ అత్త, నా కోడలు, తోమినట్లుండాది, చింతపండేసి తళతళా తోమింది చూడు, ఊరికి పోయే చెంబని. ఏమీ అనగాకు ఆమెను. మంచికే చేసింది, మా అత్త మాదిరే. నా కొంగిట్ల తీసుకో, తుడువు. అడుగున వేలు పెట్టి తుడువు, ఆ మూల గూడా. ఒగ బొట్టు గూడా ఉండకూడదు.

చల్లగుండు తల్లీ. నీ కడుపు నిండా, నీ కుండ నిండా నీళ్ళుండాల. ఏ తలుపు కాడా నిన్ను ఎవరూ నిలబెట్టకూడదు... ఇంకొగ తూరి తుడువు.