గొంతులోంచి వెనక్కొచ్చిన మాత్ర

"నీ మోకాళ్ల మాత్రలు ఎక్కడికీ పారిపోవు బాబాయ్, నా జేబులోనే ఉన్నాయి. కూర్చో, టీ తాగు."

"బండి లోడై ఉందయ్యా, కూర్చోడానికి టైమేదీ?" లారీ బాబాయి విసుక్కున్నాడు.

మందుల షాపాయన తన షాపు పక్కనే ఉన్న టీ కొట్టు బల్ల మీదికి ఆయన్ని లాగి కూర్చోబెట్టాడు. "గుండె డాక్టరు రక్తం పల్చబడ్డానికి ఒకటిచ్చాడు. మోకాళ్ల డాక్టరు నొప్పికి ఇది రాశాడు. అది వేసుకుంటున్నావని ఈయనకి తెలీదు. రెండూ కలిస్తే కడుపులో రక్తం కారొచ్చు. ఈయనకి ఫోన్ చేశా, ఎత్తలేదు, మళ్లీ చేస్తా. ఈలోగా నా సంగతి విను. నాకు చీటీ చూడక్కర్లేదు, మాత్రల అట్ట చెవి దగ్గర ఆడిస్తే చాలు, తేడా ఉంటే చప్పుడు మారిపోతుంది."

"అబ్బో, మాత్రలకి కూడా నాడి చూస్తావన్నమాట," గ్లాసులు కడుగుతూ నవ్వింది టీ అక్క.

"నవ్వక్కా, నవ్వు. ఓరోజు ఉన్నట్టుండి నాకు ముక్కు దురద. వీధి చివర మేడ మీద టీచరమ్మ, చెవిలో వేసుకునే చుక్కల్ని కంట్లో వేసుకోబోతోంది! ఇక్కడ నేనో తుమ్ము తుమ్మాను. అక్కడ సీసా చేతిలోంచి ఎగిరి, కిటికీ దాటి వచ్చి నా కౌంటరు మీద నిలబడింది, మూత పెట్టుకుని మరీ."

"మూత కూడానా!" అన్నాడు పక్కనున్న దర్జీ.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? లేవకు బాబాయ్, అసలు కథ ఇప్పుడే. ఒకాయన వాళ్లావిడ మాత్ర తనే మింగేశాడు. నేను పరిగెత్తుకెళ్లి, నోరు తెరిపించి, లోపలికి ఒక్క మాటన్నా: 'నిన్నెవరి కోసం ఇచ్చానే?' అంతే. సిగ్గుపడి గొంతెక్కి బయటికొచ్చి, అట్టలో తన గూట్లో తను పడుకుని, పైన రేకు కప్పుకుంది."

చెబుతూనే ఫోన్ నొక్కి చెవికి ఆనించాడు. ఎవరూ ఎత్తలేదు. బాబాయి లేచాడు.

"ఇక చాలు. దార్లో ఇంకో షాపులో కొనుక్కుంటా."

షాపాయన చేతులు బార్లా చాపి అడ్డం నిలబడ్డాడు. "ఓడ సంగతి చెప్పందే ఎలా వెళ్తావ్? మందుల పెట్టెలు తారుమారై సముద్రం మీద పోతున్నాయి. నేను ఒడ్డున నిలబడి వేలు చూపించా. ఓడ ఆగింది. వెనకాల అల కూడా ఆగింది, పాపం అదింకా అలాగే నిలబడుంది. అప్పట్నుంచి డాక్టర్లందరూ కలం ఎత్తే ముందు నా షాపున్న దిక్కుకి ఓసారి చూసి..."

ఫోన్ మోగింది. ఆయన గొంతు ఒక్కసారిగా దిగిపోయింది. "అవునండీ, రోజూ వేసుకుంటున్నారు... సరేనండీ, ఇవ్వను."

చొక్కా కొసతో మొహం తుడుచుకున్నాడు. "ఈ మాత్ర వద్దన్నారు బాబాయ్. పైపూత మందు చాలట."

బాబాయి మెల్లగా మళ్లీ బల్ల మీద కూలబడ్డాడు.

"అది సరే గానీ," అంది టీ అక్క, "వేలు చూపించి ఓడనే ఆపేవాడివి, బాబాయిని కాసేపు ఆపడానికి నా టీలూ, ఇన్ని కోతలూ కావాల్సొచ్చాయేం?"

"ఓడ చెప్తే వింటుందక్కా," అన్నాడు షాపాయన. "లారీ డ్రైవరు వింటాడా?"