పచ్చ టిక్కులు

అమెరికాలోని పార్సిప్పనీలో ఇండియన్ కిరాణా కొట్టు ముందు, వాన తగ్గేదాకా కారులోనే కూర్చున్నారు నమ్రత, స్పందన.

"దిగుదామా అక్కా?"

"తగ్గనీ. అడిగినదానికి చెప్పలేదు నువ్వు."

"ఏం అడిగావు?"

"తెలియనట్టు. ఏ పుస్తకం చదువుతున్నావు స్పందనా? పైథాన్ ప్రోగ్రామింగ్ నేర్చుకోవడానికి ఏదో మంచిది దొరికింది నీకు. నాకు చెప్పట్లేదు."

"ఏ పుస్తకమూ లేదు. లైబ్రరీలో ఉన్న ఒక్కటీ ఎవరో పట్టుకెళ్ళారు. చెప్పాను కదా."

"చెప్పావులే. మరి వీడియోలా?"

"ఆ వీడియోలన్నీ ఇద్దరం కలిసే కదా చూశాం. ఒకాయన గొణుగుతాడు. ఇంకొకాయన, మనకి అంతా ముందే వచ్చన్నట్టు పరుగెడతాడు. ఈ కోర్సు టీచరమ్మ ఒక్కతే నిదానంగా చెప్తోందని నువ్వే అన్నావు. పాఠం చివర 'నౌ యువర్ టర్న్' అని ఆవిడ అన్నప్పుడల్లా నవ్వుకునేవాళ్ళం."

"ఇప్పుడు నాకు నవ్వు రావట్లేదు. ఆ కోర్సు ఇద్దరం కలిసి ఒకే లాగిన్‌తో తీసుకోవడమే నేను చేసిన పొరపాటు. తెరిస్తే చాలు, అయిపోయిన పాఠాల పక్కన నీ టిక్కులు. నేనింకా లూప్‌ల పాఠం దగ్గరే కొట్టుకుంటున్నాను. నీవేమో ఫంక్షన్లు అయిపోయాయి, ఫైళ్ళు అయిపోయాయి, వరసగా పచ్చగా టిక్కులు. కడుపు రగిలిపోతోంది, నీ దగ్గర దాచడమెందుకు."

"నా టిక్కులా?"

"కాక? పిల్లల్ని స్కూల్లో దింపి, వంట చేసుకుని కూర్చునేసరికి ఇంకో పాఠం అయిపోయి ఉంటుంది. నీకేం, పాపని అత్తగారు చూసుకుంటారు."

"వెటకారం వద్దక్కా. ముందుకెళ్ళింది నువ్వు."

"చూశావా, మళ్ళీ నామీదికే."

"అక్షయ్ వాళ్ళ ఆఫీసులో ఉన్నది ఒక్క ట్రెయినీ ఉద్యోగం. తను రిఫర్ చేసేదీ ఒక్కరినే. 'ఎవరు బాగా నేర్చుకుంటే వాళ్ళ పేరే ఇస్తాను, నువ్వు నా పెళ్ళానివని ఇవ్వను' అన్నాడు. నా మొగుడే, నా మొహం మీద."

"అందుకే దాస్తున్నావు."

"దాచడానికి నా దగ్గర ఏముంది? నేను మానేశాను."

"ఏంటి?"

"లిస్టుల పాఠం దగ్గరే మానేశాను. మూడు వారాలైంది. పొద్దున తెరిస్తే నీ టిక్కు, మధ్యాహ్నం తెరిస్తే ఇంకోటి. అక్క ఇంత వేగంగా పోతుంటే ఇక నేనెందుకు అనిపించింది. బావగారు పక్కన కూర్చోబెట్టుకుని చెప్తున్నారనుకున్నా. మానేసిన రోజు ఏడ్చాను కూడా."

"మా ఆయనా? ఆయనది మెయిన్‌ఫ్రేమ్, పాతకాలం పెద్ద కంప్యూటర్ల పని. పైథాన్ అంటే పిల్లలాట అంటారు. నా స్క్రీన్ వైపు చూడను కూడా చూడరు."

"మరి అక్షయ్‌ని అడిగారటగా, ఈ కోర్సు పూర్తి చేస్తే ఇంటర్వ్యూలకి సరిపోతుందా అని. నీకోసం అనుకున్నాం."

"ఎప్పుడు?"

"మొన్నెప్పుడో. నీకు చెప్పలేదా?"

"మాట మార్చకు. ఇదిగో నా ఫోన్, నువ్వే చూసి చెప్పు, ఈ టిక్కులన్నీ... ఇదేంటి?"

"ఏమైంది?"

"ఈ లాగిన్‌తో ఇప్పుడు వేరే కంప్యూటర్‌లో పాఠం నడుస్తోందట. ఒకేసారి రెండుచోట్ల చూడటం కుదరదంటోంది. నీ లాప్‌టాప్ తెరిచి పెట్టి వచ్చావా?"

"దాన్ని తెరిచి ఎన్నాళ్ళయిందో. ఇంట్లో అత్తగారొక్కరే, పాపకి అన్నం పెడుతుంటారు. ఆవిడ చూస్తారా పైథాన్?"

"మరి పాస్‌వర్డ్ ఇంకెవరికి తెలుసు?"

"నీకు, నాకు. అక్షయ్‌కి కూడా చెప్పలేదు నేను."

"ఆగు, ఇంకోచోట కూడా ఉంది."

"ఎక్కడక్కా?"

"మొదట్లో మా ఆయన పాత లాప్‌టాప్‌లో చూసేదాన్ని. పాస్‌వర్డ్ అందులోనే ఉండిపోయింది. ఈమధ్య దాన్ని ఆఫీసుకి పట్టుకెళ్తున్నారు."

"ఆఫీసు వాళ్ళు ఇచ్చింది ఉందిగా?"

"పాడైందన్నారు. కొత్తది ఇంకా ఇవ్వలేదన్నారు."

"పోయిన నెలే కదా వాళ్ళ ఆఫీసులో చాలామందిని తీసేసింది."

"తీసేశారు. ఈయన టీమ్ జోలికి రాలేదు. అంటే, రాలేదని ఈయనే చెప్పారు."

"ఒకసారి ఫోన్ చెయ్యి."

"ఏమని అడగను?"

"అడగొద్దు. ఊరికే చెయ్యి. మాటలు కారు స్పీకర్లో వినిపిస్తాయి, నేను దిగి నిలబడతాలే."

"వానలోనా? కూర్చో. చేస్తున్నా."

"హలో, చెప్పు నమ్రతా. మీటింగ్‌లో ఉన్నా."

"ఏం లేదండీ. వాన గట్టిగా పడుతోంది, జాగ్రత్తగా రండి అని చెబుదామని."

"అక్కా, వెనకాల... 'యువర్ టర్న్' అంటోంది. మన టీచరమ్మే."

"ష్. ఏమండీ, మీ దగ్గర ఎవరు మాట్లాడుతున్నారు?"

"క్లయింటు. ఆగు, మ్యూట్ చేస్తా. ఆ, చెప్పు. ఏమైనా తేవాలా? ఈరోజు కూడా కాస్త లేటవుతుంది, పని చాలా ఉంది."

"ఏం తేవద్దు. నాకు ఆ లూప్‌లు ఎక్కట్లేదండీ. ఆ టీచరమ్మ చెప్పేది మీకు బాగా అర్థమవుతోంది కదా. ఇప్పుడే ఇంటికొచ్చేయండి, నా పక్కన కూర్చుని చెబుదురుగాని."