షౌమ్‌బుర్గ్ జిల్లాలో జనమెంత

అమెరికాలోని షామ్‌బర్గ్‌లో శనివారం మధ్యాహ్నం. కూతురు అవని స్విమ్మింగ్ క్లాస్‌కి వెళ్లింది. బయట పార్కింగ్‌లో, ఆపిన కార్‌లో ఉదయ్, శ్రుతి కూర్చున్నారు. చాలా నెలల తర్వాత ఉదయ్ గొంతులో హుషారు వినిపిస్తోంది.

"జోక్ కాదు శ్రుతీ! జర్మనీలో నాకు జాబ్ వచ్చిన జిల్లా పేరూ ఇదే, వాళ్లు షౌమ్‌బుర్గ్ అంటారు. మన ఊరికి ఆ పేరు అక్కణ్ణుంచే వచ్చింది."

"జాబ్ ఏంటి?"

"గాజు సీసాల ఫ్యాక్టరీ. వాళ్ల సిస్టమ్స్ అన్నీ నేనే చూడాలి."

"సిటీయేనా?"

"సిటీ అని కాదు... చిన్న చిన్న టౌన్లు, మధ్యలో పల్లెలు. ఉత్తరాన అంతా చదును, గోధుమ చేలు. దక్షిణాన కొండలు, అడవి, వేజర్ అని నది. ఎంత బావుందో!"

"జనం?"

"లక్షన్నర పైనే."

"టౌన్‌లోనా?"

"జిల్లా మొత్తానికి."

"మొత్తానికా! అందరూ పెద్దవాళ్లేనా?"

"కుర్రాళ్లూ ఉంటారు. పొద్దున రైలెక్కి పక్కనున్న పెద్ద సిటీ హానోవర్ వెళ్తారు పనికి, సాయంత్రానికి వచ్చేస్తారు."

"అక్కడ పనుల్లేవా?"

"ఒకప్పుడు బొగ్గు గనులుండేవి, మూసేశారు. ఇసుకరాయి ఇంకా తవ్వుతున్నారు. గాజు ఉంది, పొలాలున్నాయి..."

"తెలుగువాళ్లు?"

"హానోవర్‌లో ఉంటారు."

"నేనడిగింది ఆ టౌన్‌లో."

"కనుక్కోవాలి."

"పోనీ, అక్కడివాళ్లు పలకరిస్తారా?"

"దారిలో ఎదురైతే పలకరిస్తారట."

"పలకరించాక?"

"పలకరించాక ఏముంది, వాళ్ల దారిన వాళ్లు పోతారు."

"ఆదివారం షాపులు?"

"ఉండవు. శనివారమే కొనేసుకుంటే సరి."

"చలికాలం తొందరగా చీకటి పడిపోతుందట కదా."

"నాలుగూ నాలుగున్నరకి. అయితే ఏంటి? ఇంట్లో లైట్లుంటాయిగా!"

"రాత్రిపూట ఒంట్లో బాలేకపోతే? డాక్టర్‌కి ఇంగ్లిష్ వస్తుందా?"

"ఇన్ని డౌట్లేంటి? నీకు నచ్చలేదా?"

"నచ్చలేదన్నానా? బీపీ మందు దొరుకుతుందా?"

"దొరక్కేం! శ్రుతీ, లేఆఫ్ అయినప్పట్నుంచి నీ వీసా మీద, పని చేసే వీల్లేక ఇంట్లో కూర్చున్నాను. నువ్వు ఆఫీస్‌కి, అవని స్కూల్‌కి వెళ్లాక ఆ గోడలు చూస్తూ... ఇక నా వల్ల కాదు."

"తెలుసు. అందుకే వెళ్లొద్దనడం లేదు."

"మరి అవని స్కూల్ గురించి ఒక్క ముక్కా అడగవేం? నేను కనుక్కున్నా. బస్సుంది, టీచర్లు—"

"పప్పు, రసం చేయడం వచ్చా నీకు?"

"నువ్వుండగా నాకెందుకు?"

"నేర్పిస్తాలే."

"ఇప్పుడు వంట సంగతెందుకు? శ్రుతీ, ఇటు చూడు."

"ఈ ఉద్యోగం వదిలేస్తే నా వీసా పోతుంది, మళ్లీ ఇటు రాలేను ఉదయ్. నేనూ అవనీ ఇక్కడే ఉంటాం. ఇవన్నీ అడిగింది, అంత దూరంలో నువ్వొక్కడివే ఎలా ఉంటావోనని."