రెండు వోల్టుల దగ్గర

జర్మనీలోని క్లాస్తాల్ యూనివర్సిటీ ల్యాబ్‌లో, థీసిస్ ఇవ్వాల్సిన వారంలో ఉన్న సీనియర్ తల పట్టుకుని కూర్చున్నాడు. మొదటి సెమిస్టర్ అమ్మాయి పక్కన నిలబడి చూస్తోంది.

"ఏమైందన్నా?"

"నా లిక్విడ్ క్రిస్టల్ మిశ్రమం రెండు వోల్టులకే వెలుగును ఆపాలె. ఇయ్యాల మూడు ఇచ్చినా ఆపుతలేదు. థీసిస్ అంతా ఆ రెండు మీదనే నిలబడ్డది."

"పాత కొలతలే పెట్టేయండి. ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలుసు గదా. నా లెక్క తప్పని ప్రొఫెసర్‌కు మెయిల్ రాస్తున్న."

 అతని స్థానంలో తనుంటే ఇంత ధైర్యం చేసేదా అనుకుంది ఆమె. తర్వాత మిశ్రమం సీసా ఎత్తి వెలుతురులో పట్టుకుంది.

"అన్నా, ఇది కిటికీ పక్కనే ఉందా? అడుగున తెల్లగా పేరుకుంది."

"అయ్యో! చలికి ఒక పదార్థం గడ్డకట్టింది. నేను చూడకుండ పైపైన తీసి గాజు పలకల నడుమ నింపిన."

"అయితే మీరు కొలిచింది మీ అసలు మిశ్రమాన్ని కాదు. వేడిచేసి, బాగా కలిపి మళ్లీ నింపుదాం."

నింపారు. అతను మెల్లగా వోల్టేజి పెంచాడు. రెండు దగ్గరికి రాగానే గాజు పలకల మధ్య వెలుగు ఆగిపోయింది.

"వారెవ్వా చెల్లె! ఏం కన్ను నీది!"

"ఇంక ఆ మెయిల్ తీసేయండి."

"తీసేస్త. కానీ ఇయ్యాల్టి తప్పుడు గ్రాఫ్ గూడా థీసిస్‌ల పెడత, ఎట్ల జరిగిందో రాసి."

"మీ తప్పు మీరే చెప్పుకుంటారా? ఎవరూ అడగలేదు కదన్నా!"

"వచ్చే చలికాలం ఈ సీసా తీసేటోళ్ల పక్కన నువ్వుండవు గదా."